చెన్నై చర్చిలో పదిహేనో శతాబ్దపు బృందగానం: చిన్న గాయక బృందానికి ఒక మార్గదర్శిని

చెన్నైలోని తెలుగు సంఘాల గాయక బృందాలకు క్రిస్మస్ కేరల్సూ, హాండెల్ రాసిన హల్లెలూయ కోరసూ కొత్త కావు. నాలుగు గొంతులతో పాడడం, స్టాఫ్ నొటేషన్ చదవడం తెలిసినవారు ప్రతి పెద్ద సంఘంలోనూ కొందరైనా ఉంటారు. అయితే హాండెల్‌కు సుమారు మూడు వందల ఏళ్ల ముందు యూరపు దేవాలయాల్లో పాడిన లాటిన్ ఆరాధన సంగీతం జోలికి వెళ్లేవారు ఈ నగరంలో తక్కువ. అది నిపుణులకే సాధ్యమన్న భయం దానికి ఒక కారణం కావచ్చు. ఆ భయానికి పెద్దగా ఆధారం లేదని నా నమ్మకం. పన్నెండు నుంచి పదహారు మంది ఉన్న బృందం, వారానికి రెండు సాధనలు చేయగలిగితే, నాలుగైదు నెలల్లో ఒక గంట కచేరీకి సిద్ధం కావచ్చు. ఎలా సిద్ధం కావాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోవాలి. మనకు అలవాటైన సంఘ కీర్తనల్లో పై గొంతు పాట పాడుతుంది, మిగిలిన మూడు గొంతులూ దానికి ఆసరాగా నిలుస్తాయి. పదిహేనో శతాబ్దపు పాలిఫొనీలో, అంటే బహుగాత్ర గానంలో, ప్రతి గొంతుకూ తనదైన పాట ఉంటుంది. తనదైన ఎత్తుగడ, తనదైన విరామం, తనదైన ముగింపు ఉంటాయి. అందుచేత ఏ రచన ఎంచుకోవాలి, ఎంతమంది పాడాలి, ఎక్కడ నిలబడాలి, మైకు పెట్టాలా వద్దా అనే ప్రతి నిర్ణయానికీ ముందు, దీనివల్ల అన్ని పాటలూ విడివిడిగా వినిపిస్తాయా అని అడగాలి. వినిపించవు అనిపిస్తే ఆ ఆలోచన ఎంత ఆకర్షణీయంగా ఉన్నా వదులుకోవాలి.

ఏవి పాడాలి

తొలి పునరుజ్జీవన కాలమంటే మన అవసరానికి సుమారుగా 1420 నుంచి 1520 వరకు అనుకుందాం. ఆ కాలపు స్వరకర్తల్లో ఇంగ్లండుకు చెందిన జాన్ డన్‌స్టేపుల్ 1453లో మరణించారు. కాంబ్రే పట్టణంతో జీవితమంతా ముడిపడిన గియోమ్ దు ఫాయ్ 1474లో, ఫ్రెంచి రాజుల ప్రార్థనామందిరంలో దీర్ఘకాలం పనిచేసిన యోహానెస్ ఓకెహెమ్ 1497లో, జోస్కాన్ దె ప్రే 1521లో కన్నుమూశారు. మొదటి కచేరీకి ఈ నలుగురిలో ఓకెహెమ్‌ను పక్కన పెట్టమని నా సలహా. ఆయన వాక్యాలు ఎక్కడా ఆగకుండా ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోతూ సాగుతాయి. కొత్త బృందానికి అందులో ఊపిరి తీసుకునే చోటు దొరకడమే కష్టం.

మొదటి రచనగా డన్‌స్టేపుల్ రాసిన ‘క్వామ్ పుల్‌క్రా ఎస్’ బాగుంటుంది. పరమగీతం నుంచి తీసుకున్న మాటలకు మూడు గొంతుల్లో కట్టిన చిన్న రచన ఇది. అక్షరాలు చాలావరకు మూడు గొంతుల్లోనూ ఒకేసారి పలుకుతాయి కనుక బృందానికి కలిసి మాట్లాడడం అలవాటవుతుంది. ఆ తరువాత దు ఫాయ్ కట్టిన ‘ఆవే మారిస్ స్తెల్లా’ స్తోత్రాన్ని తీసుకోవాలి. ఇందులో ఒక చరణాన్ని అందరూ కలిసి ఒకే పాత దేవాలయ బాణీలో పాడితే, మరుసటి చరణం మూడు గొంతుల్లో వస్తుంది. ఆ మూడింట్లో స్వరకర్త రాసినవి రెండే. నడిమి గొంతు, పై గొంతుకు సరిగ్గా నాలుగు స్వరాల కింద, అంటే మధ్యమానికి షడ్జం ఎంత దూరమో అంత దూరంలో, నీడలా నడవాలి. దీన్ని ఫోబుర్దోన్ పద్ధతి అంటారు. నొటేషన్ చదవలేని వారికి కూడా అందరూ ఒకే బాణీ పాడే ఆ చరణాలు విని నేర్చుకోవడానికి వీలుంటుంది కాబట్టి, సంఘంలో ఉత్సాహం ఉండీ నొటేషన్ రాని గొంతులను ఇక్కడే చేర్చుకోవచ్చు.

మూడోదిగా దు ఫాయ్ ‘మిస్సా స లా ఫాస్ ఎ పాల్’ అనే పూజాగానం నుంచి ‘కిరియె’ (‘ప్రభువా, కరుణించు’) భాగాన్ని చేర్చండి. దు ఫాయ్ అంతకు ముందు తానే కట్టిన ఒక ఫ్రెంచి ప్రేమపాటలోని టెనార్ (పురుషుల పై గొంతు) బాణీని తీసుకుని, దాన్ని దీర్ఘ స్వరాలుగా సాగదీసి, ఈ పూజాగానానికి వెన్నెముకగా నిలిపారు. టెనార్లు ఆ బాణీని ముందు మామూలు వేగంతో విడిగా పాడుకుని కంఠస్థం చేస్తే, సాగదీసిన రూపంలో దారి తప్పరు. నాలుగోదిగా జోస్కాన్ ‘తూ సోలుస్’ అనే నాలుగు గొంతుల రచన ఉంది. నెమ్మదిగా, అందరూ ఒకేసారి పలికే పెద్ద పెద్ద స్వరసముదాయాలతో నడిచే రచన కాబట్టి వినడానికి గంభీరంగానూ, నేర్చుకోవడానికి సులభంగానూ ఉంటుంది. చివరికి జోస్కాన్ ‘ఆవే మరీయా... విర్గో సెరేనా’. సాధనలో సగం కాలం దీనికే పోతుంది, పోనివ్వాలి.

ఫ్లోరెన్సు ప్రధాన దేవాలయాన్ని 1436 మార్చి 25న పోపు నాలుగో యూజీన్ ప్రతిష్ఠించిన సందర్భానికి దు ఫాయ్ రాసిన ‘నూపెర్ రొజారుమ్ ఫ్లోరెస్’ గురించి చదివిన ప్రతివారికీ దాన్ని పాడాలని ఉంటుంది. రెండు టెనార్లు ఒకే బాణీని వేర్వేరు కాలాల్లో పట్టుకుని నడిచే ఆ రచనను రెండో ఏటికి వాయిదా వేయడం మంచిది.

వీటి స్వరపత్రాలు కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. రచనలకు కాపీరైటు తీరిపోయి శతాబ్దాలైనా, ఈనాటి సంపాదకులు తయారుచేసిన ప్రతులకు వారి హక్కులు ఉండవచ్చు. డౌన్‌లోడు చేసేముందు ఆ ప్రతి కింద రాసిన షరతులు చదవాలి. ఒకే రచనకు రెండు మూడు ప్రతులుంటే, మాటలు స్వరాల కింద స్పష్టంగా పేర్చిన ప్రతిని ఎంచుకోవాలి.

గొంతుల పంపకం

పదిహేనో శతాబ్దపు దేవాలయాల్లో పై గొంతు పాడినవారు బాలురు, లేదా ఫాల్‌సెట్టోలో, అంటే సహజ స్థాయికి పైన సన్నని గొంతుతో, పాడే పురుషులు. అందువల్ల దు ఫాయ్ పై గొంతు ఈనాటి సొప్రానోలకు (స్త్రీల పై గొంతు) కిందుగా, ఆల్టోలకు (స్త్రీల కింది గొంతు) హాయిగా ఉంటుంది. రెండో గొంతు మాత్రం ఆల్టోలకు మరీ కిందుగా, టెనార్లకు కొంచెం పైన పడి ఎవరికీ కుదరనట్టు కనిపిస్తుంది. ఆ కాలంలో స్థిరమైన పిచ్ అంటూ లేదు. కాగితం మీద ఉన్న ఎత్తులోనే పాడాలన్న నియమం మనకు అక్కరలేదు. కచేరీ గాయకులు తమ గొంతును బట్టి శ్రుతి పెట్టుకున్నట్టే, బృందం గొంతులను బట్టి మొత్తం రచనను ఒక స్వరమో ఒకటిన్నర స్వరమో పైకి జరపవచ్చు. టెనార్లు ఎప్పుడూ తక్కువగా దొరుకుతారు కనుక, ఇలా పైకి జరిపి రెండో గొంతును బరువైన ఆల్టోలకు అప్పగించడం చాలా బృందాలకు కలిసివస్తుంది.

ఒక్కొక్క గొంతుకు ముగ్గురు లేదా నలుగురు చాలు. ఇద్దరు మాత్రమే ఉంటే ఊపిరి తీసుకునే వేళ ఖాళీ తెలుస్తుంది; ఆరుగురు దాటితే అంచులు మొద్దుబారి పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉత్సాహవంతులు ఎక్కువమంది వస్తే అందరినీ అన్ని రచనల్లోనూ పాడించకుండా, రచనకు ఒక బృందంగా పంచడం మేలు.

నేర్పే పద్ధతి

మొదటి నెల కీబోర్డు మూసే ఉంచాలి. చెన్నైలో మనకొక వరం ఉంది: ప్రతి ఇంట్లోనూ శ్రుతి పెట్టె, లేదా ఫోనులో దాని యాప్. షడ్జ పంచమాలు పెట్టి, సగం మంది షడ్జాన్నీ, సగం మంది పంచమాన్నీ అకారంతో నిలబెట్టమనండి. రెండూ కలిసి ఒకే ధ్వనిగా నిలిచాక, ఒక్కరిని మాత్రం అంతర గాంధారం అందుకోమనండి. మొదట గాలిలో అలల్లాంటి కదలిక వినిపిస్తుంది. ఆ గొంతు వెంట్రుకవాసి కిందికి దిగేసరికి అలలు ఆగిపోతాయి. అప్పుడు కీబోర్డు తెరిచి అదే గాంధారం నొక్కితే, అది సుమారు పధ్నాలుగు సెంట్లు పైన ఉందని, అంటే అరస్వరంలో ఏడో వంతు ఎక్కువగా ఉందని అందరి చెవులకూ తెలుస్తుంది. ఇంకెవరూ కీబోర్డును ఆధారంగా అడగరు.

ఈ అభ్యాసం దేనికంటే, ఈ కాలపు రచనల్లో ముగింపులు తరచు గాంధారం లేకుండా షడ్జ పంచమాల మీదే వచ్చి ఆగుతాయి. జోస్కాన్ ‘ఆవే మరీయా’ చివరి ఆమెన్ కూడా అలాంటిదే. గాంధారపు తీపి లేని ఆ చోట పంచమం కాస్త పలచబడినా దాచుకోవడానికి ఏమీ ఉండదు, చర్చి అంతా వింటుంది. ముగింపుకు ముందు వచ్చే నిషాదం గురించి కూడా సంచాలకులు ముందే నిర్ణయించాలి. కాగితం మీద కైశికి నిషాదంలా కనిపించే స్వరాన్ని, ముగింపు షడ్జానికి చేరే ముందు కాకలిగా, అంటే అరస్వరం పైకి, పెంచి పాడే సంప్రదాయం ఆ కాలపు గాయకులకు ఉండేది. సంపాదకులు ఇలాంటి చోట్ల స్వరం పైన చిన్న గుర్తు పెడతారు. దాన్ని పాటించాలో వద్దో తేల్చి, అందరి చేతా పెన్సిలుతో రాయించాలి. ఒకరు కైశికి, ఒకరు కాకలి పట్టుకుంటే ఆ నెల సాధన అంతా వృథా అయినట్టే ధ్వనిస్తుంది.

రెండో అడుగు, ప్రతి గొంతుకూ తన పాట మొత్తం ఒంటరిగా నేర్పడం. నాలుగు గొంతులనూ మొదటి రోజే కలిపి, తప్పిన చోటల్లా ఆగి సరిదిద్దే అలవాటు మన సంఘాల్లో బలంగా ఉంది. ఈ సంగీతానికి ఆ పద్ధతి పనికిరాదు. బాస్ (పురుషుల కింది గొంతు) పాడేవారు తమ పాటను మొదటి నుంచి చివరి వరకు, ఎవరి తోడూ లేకుండా, విన్నవారికి హాయి కలిగేలా పాడగలిగిన తరువాతే మరో గొంతుతో కలపాలి. ఆపైన జంటలుగా కలపాలి: పై గొంతుతో టెనార్, ఆల్టోతో బాస్, తరువాత అటువారిని ఇటు. నలుగురూ కలిసేది చివరి అడుగులో.

‘ఆవే మరీయా’ ఆరంభాన్నే చూడండి. పై గొంతు పంచమం నుంచి పై షడ్జానికి లేచి ‘ఆవే’ అంటుంది. అదే ఎత్తుగడను ఆల్టో, తరువాత టెనార్, తరువాత బాస్ వరుసగా అందుకుంటాయి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, పాడడం మొదలుపెట్టినవారు తమ వాక్యం చివరికి వచ్చేసరికి కూడా అదే బలంతో ఉండి, కొత్తగా ప్రవేశించే గొంతును కప్పేస్తారు. ‘ఆవే’ అనే ఆ రెండక్షరాలు ఎవరు అన్నా వినిపించాలి. అవి దాటిన తరువాత ఆ గొంతు ఒక మెట్టు తగ్గి తరువాతివారికి దారి ఇవ్వాలి. అక్కడి నుంచి ఐదు చరణాలు మరియమాత జీవితంలోని ఐదు పండుగలను తలచుకుంటాయి: గర్భధారణ, జననం, మంగళవార్త, శుద్ధీకరణ, మోక్షారోపణ. నాలుగో చరణంలో నడక మూడేసి మాత్రలకు మారుతుంది. అందరూ ఒకేసారి పలుకుతున్నట్టు పైకి కనిపిస్తుంది కాని, టెనార్ పై గొంతునే కొద్ది ఎడంగా వెంబడిస్తూ ఉంటుంది. టెనార్లు ఇక్కడ పై గొంతుతో కలిసిపోవాలని ఆత్రపడతారు. కలవకూడదు. ఆ కొద్దిపాటి వెనుకబాటులోనే ఆ చరణపు అందమంతా ఉంది. ఐదో చరణం తరువాత అంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి పూరించకుండా, ఒక పూర్తి ఊపిరి తీసుకుని, ‘ఓ మాతెర్ దేయి, మెమెంతో మేయి’, అంటే ‘దేవుని తల్లీ, నన్ను జ్ఞాపకం చేసుకో’ అనే వేడికోలును అందరూ ఒకే గొంతుగా, బరువు పెంచకుండా పాడాలి.

కాలం విషయానికి వస్తే, ఆనాటి చేతిరాత పుస్తకాల్లో నిలువు గీతలు ఉండేవి కావు. మొదటి మాత్రకు బలం ఇవ్వాలన్న భావన మనకు అచ్చుప్రతిలోని గీతల వల్ల కలుగుతుంది. బలం మాటలో ఎక్కడ ఉందో అక్కడే ఉండాలి. వేగానికి మిలాను సంగీతశాస్త్రజ్ఞుడు గాఫూరియుస్ 1496లో చెప్పిన కొలత ఇప్పటికీ ఉపయోగపడుతుంది: ప్రశాంతంగా ఊపిరి తీసుకునే మనిషి నాడి కొట్టుకునే వేగం. సంచాలకులు చేతిని ఆ వేగంతో కిందికీ పైకీ కదిపితే చాలు. కర్ణాటక సంగీతం నేర్చిన గాయకులకు ఆవర్తనం (తాళపు చుట్టు), సమం (దాని మొదటి దెబ్బ) కోసం చెవి వెతుకుతుంది. ఇక్కడ ఆవర్తనం లేదని ముందే చెప్పి, మాట వెంట నడవమనాలి. వారి శ్రుతిశుద్ధి, దమ్ము ఈ సంగీతానికి ఎంతో మేలు చేస్తాయి. రిషభ గాంధారాల మీద గమకం రాకుండా స్వరాన్ని నిటారుగా నిలపడం మాత్రం వారు కొత్తగా సాధన చేయాలి. సంఘగానంలో పెరిగిన వారికి దీనికి భిన్నమైన అలవాటు ఉంటుంది, ప్రతి వాక్యం చివరా గొంతు పెంచడం. ఇద్దరికీ ఓపికగా చెప్పాలి.

లాటిన్ పలకడం

లాటిన్ మాటలను తెలుగు లిపిలో రాసి ఇవ్వడం మన బృందాలకు నిజంగా మేలు. ఇంగ్లీషు మీదుగా వెళితే ‘టేకమ్’, ‘డామినస్’ అనే పలుకులు వస్తాయి. దేవాలయ లాటిన్‌లో త, ద మన దంత్యాల్లాగే నాలుకను పళ్లకు ఆనించి పలికేవి. ప, త, క లు ఒత్తు లేనివి. కాబట్టి ‘దోమినుస్ తేకుమ్’ అని రాసుకుంటే పలుకు దానంతట అదే కుదురుతుంది. ‘గ్రాత్సియా’ లోని త్స ధ్వని మన ‘చాప’, ‘చుక్క’ మాటల్లోని చకారం. ‘చేలి’ లోనిది ‘చేను’ లోని చకారం. ‘ఆఞుస్ దేయి’లో ఞ ను పూర్తిగా పలకాలి.

జాగ్రత్త పడవలసింది మాటల చివర. మన నోటికి అజంతం, అంటే అచ్చుతో ముగిసే మాట, అలవాటు. ‘వెంత్రిస్’ చివరి సకారానికి తెలియకుండానే ఒక ఉకారం వచ్చి చేరుతుంది. నలుగురు నాలుగు క్షణాల్లో ఆ సకారం పలికితే చర్చిలో బుసబుసలే మిగులుతాయి. వాక్యం చివరి హల్లును చేయి ఆగిన క్షణంలోనే, పొట్టిగా పలకాలని నిర్ణయించుకోండి. ప్రతి గాయకుని కాగితం మీదా లాటిన్ మాట కింద తెలుగు అర్థం కూడా రాసి ఉండాలి. అర్థం తెలియని గొంతు ఎంత శుద్ధంగా ఉన్నా విరామాలను తప్పుగా పడేస్తుంది.

చోటు, అనుమతి

ఈ సంగీతం రాతి గోడల కోసం పుట్టింది. సభా హాళ్లలో కార్పెట్లు, మెత్తటి కుర్చీలు ధ్వనిని మింగేస్తాయి. అలాగని ప్రతిధ్వని మరీ ఎక్కువైనా పాటలు కలగాపులగమవుతాయి. చప్పట్లు కొట్టి, ధ్వని తేలిపోవడానికి రెండు మూడు సెకన్లు పడితే బాగుంటుంది; జనం నిండాక అది ఇంకొంచెం తగ్గుతుంది. శాంతోమ్ కెథెడ్రల్ పందొమ్మిదో శతాబ్దం చివర గోతిక్ పద్ధతిలో తిరిగి కట్టిన పెద్ద కట్టడం. అక్కడ వేగం కొంచెం తగ్గించాలి. ఎగ్మూరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కర్క్ గుండ్రని గోపురం కింద ధ్వని చోటును బట్టి మారుతుంది కనుక నాలుగైదు చోట్ల కూర్చుని విని, గాయకులను ఎక్కడ నిలపాలో తేల్చుకోవాలి. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. దాని కమాను కప్పు గొంతులకు అనువైనదే అయినా కోటలోకి ప్రవేశానికి తనిఖీలుంటాయని శ్రోతలకు ముందే చెప్పాలి. నా మనసు మాత్రం మైలాపూరులోని చిన్న లజ్ చర్చి వైపే మొగ్గుతుంది. దాని శాసనం మీది సంవత్సరం 1516. అప్పటికి జోస్కాన్ ఇంకా బతికే ఉన్నారు.

కతోలిక దేవాలయమైతే, చర్చిల్లో కచేరీల గురించి వాటికన్ 1987 నవంబరులో పంపిన లేఖను చదివిన తరువాతే విచారణ గురువులను కలవాలి. దాని ప్రకారం ముందుగా రాతపూర్వకంగా కోరాలి, ప్రవేశం అందరికీ ఉచితంగా ఉండాలి, గాయకులు బలిపీఠం ఉన్న పవిత్ర స్థలంలో నిలబడకూడదు. పాడబోయే రచనల జాబితా, వాటి తెలుగు, తమిళ అర్థాలు దరఖాస్తుకు జతచేస్తే మాట తేలికగా సాగుతుంది. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో ఆ చర్చి ప్రెస్బిటర్‌నూ (పాస్టరు), కమిటీనీ అడగాలి. టికెట్టు లేదు కనుక ముద్రణకూ, కరెంటుకూ చందాలు ముందే సమకూర్చుకోవాలి.

తేదీ విషయంలో జనవరి చివర, ఫిబ్రవరి మొదటి వారాలు అన్నివిధాలా మంచివి. మార్గళి కచేరీల రద్దీ ముగుస్తుంది, వాన ఉండదు, ఫ్యాన్లు ఆపినా జనం ఒక గంట కూర్చోగలరు. ఫ్యాన్లు ఆపవలసిందే. సీలింగు ఫ్యాను రొద ఆల్టో గొంతును సగం తినేస్తుంది. అదే వారం, అదే సమయానికి వెళ్లి ఒక సాయంత్రం ఊరికే కూర్చుని, సాయంపూజ ఎప్పుడు ముగుస్తుందో, గంట ఎప్పుడు మోగుతుందో, వీధిలో ఏ లౌడ్‌స్పీకరు ఎప్పుడు మొదలవుతుందో రాసుకోవాలి.

ఆ సాయంత్రం

మైకు వద్దు. మైకు నాలుగు పాటలను ఒకే పెట్టెలో నుంచి పంపుతుంది, ఏ పాట ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు. పరిచయ వాక్యాలకు మాత్రం ఒకటి ఉంచుకోవచ్చు. ఆ కాలపు గాయకులు పెద్ద పుస్తకం ఒకటి స్టాండు మీద తెరిచి దాని చుట్టూ నిలబడేవారు. నాలుగు గొంతులూ ఎదురెదురు పుటల్లో విడివిడిగా రాసి ఉండేవి. మనం కాగితాలు పట్టుకున్నా, అర్ధచంద్రాకారంలో దగ్గరగా నిలబడి, ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేలా ఉండాలి. రచనకూ రచనకూ మధ్య శ్రుతిని ట్యూనింగ్ ఫోర్కుతో సంచాలకులు మెల్లగా ఇస్తే చాలు.

శ్రోతలకు మాటలు, అర్థాలు ఉన్న ఒక కాగితం ఇచ్చి, అది చదువుకునేంత వెలుతురు ఉంచాలి. మొదట్లో రెండు నిమిషాల పరిచయం తెలుగులో చేయండి. మృదంగం, రాగాలాపన ఆశించి వచ్చిన రసికులకు చరిత్ర కంటే చెవికి ఒక పని అప్పగించడం ఉపయోగం. ‘ఆవే మరీయా’కు ముందు నాలుగు గొంతుల చేతా ఆరంభ వాక్యాన్ని ఒక్కొక్కరిగా పాడించి, ఆ ఎత్తుగడ మళ్లీ ఎక్కడెక్కడ వస్తుందో కనిపెట్టమని చెబితే, వారు ఆసక్తిగా వింటారు. స్తోత్రమూ కిరియె రెండూ పూర్తయ్యాకే చప్పట్లు కొట్టమని కాగితం మీదే రాయాలి.

శ్రోతలు మళ్లీ పాడమంటే కొత్త రచన ఎత్తుకోకుండా ‘ఆవే మరీయా’నే మళ్లీ పాడండి. ఈసారి నాలుగు గొంతులూ చర్చి నడవలోకి వచ్చి, జనం మధ్య నాలుగు చోట్ల నిలబడవచ్చు. సాధనలో ఒకసారైనా అలా దూరదూరంగా నిలబడి పాడి ఉంటేనే ఈ పని చేయాలి. లేకపోతే ధ్వని ఆలస్యంగా చేరి కాలం చెదురుతుంది. కచేరీ అయ్యాక కాగితాలన్నీ వెనక్కి తీసుకుని, పెన్సిలు గుర్తులు చెరపకుండా గొంతులవారీగా కట్టలు కట్టి భద్రపరచండి. మరుసటి ఏడు కొత్తగా చేరేవారికి ఊపిరి ఎక్కడ తీయాలో, నిషాదం ఎక్కడ పెంచాలో ఆ గుర్తులే నేర్పుతాయి.